ముందు మన పెట్టెనే అనుమానించండి: స్పేస్ టెలిస్కోప్ పరికరాలకి గ్రౌండ్ సపోర్ట్ ఎక్విప్‌మెంట్ తయారుచేయడం

రాకెట్ ఎగిరిన రోజు టీవీలో కనిపించేది టెలిస్కోపు. అందులోని కెమెరాకి ఏళ్ళ తరబడి కరెంటు ఇచ్చి, దొంగ నక్షత్రాలు చూపించి, చల్లబరిచి, ఎత్తి దించి, అది చెప్పిందంతా రాసుకున్న ర్యాకులూ కేబుళ్ళూ స్టాండ్లూ మాత్రం కిందే ఉండిపోతాయి. వీటన్నిటినీ కలిపి గ్రౌండ్ సపోర్ట్ ఎక్విప్‌మెంట్ అంటారు. మా నోట్లో అది జీఎస్‌ఈ. కరెంటూ డేటా చూసేది ఈజీఎస్‌ఈ, ఎత్తి దించేది ఎంజీఎస్‌ఈ, వెలుగు చూపించేది ఓజీఎస్‌ఈ. నేను పద్నాలుగేళ్ళుగా చేస్తున్నది ఎక్కువగా మొదటి రకం. మిగతా రెండింటి వాళ్ళతో రోజూ తగవే. మా గ్రూపులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారంలో చెప్పేవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

వాళ్ళకి నేను మొట్టమొదట చెప్పేది ఇది. రీడింగు తేడాగా వస్తే పరికరాన్ని తిట్టే ముందు మన పెట్టెని అనుమానించాలి. రీడింగు బాగా వచ్చినా కాసేపు అనుమానించాలి. రెండోది చాలామందికి మింగుడుపడదు.

కాగితం మీద మొదలుపెట్టండి

ర్యాకులో ఏం కొనాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. పరికరానికీ ఉపగ్రహానికీ మధ్య ఇంటర్‌ఫేస్ డాక్యుమెంటు ఒకటి ఉంటుంది. ఏ కనెక్టర్‌లో ఏ పిన్ను, దాని మీద ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు, ఏ డేటా లింకు, కమాండ్ వచ్చిన ఎంతసేపట్లో జవాబు ఇవ్వాలి, అన్నీ అందులోనే. టెస్టులో మన ఈజీఎస్‌ఈ ఉపగ్రహం వేషం వేస్తుంది. వేషం ఎంత బాగా కుదరాలో ఆ కాగితమే చెప్తుంది.

తర్వాత ప్రతి పెట్టె గురించీ రెండు ప్రశ్నలు రాసుకోండి. ఇది చెడిపోతే ఫ్లైట్ హార్డ్‌వేర్ మీదికి, అంటే నిజంగా పైకి ఎగిరేదాని మీదికి, ఏం వెళ్తుంది? ఇది తప్పు చెప్తే నాకు ఎలా తెలుస్తుంది? మొదటి ప్రశ్నకి జవాబు లేని పెట్టెని మా క్లీన్ రూమ్‌లోకి రానివ్వం. పరికరాన్ని కాపాడాల్సిన సరంజామాయే దాన్ని కాల్చేస్తే కంచే చేను మేసినట్టు. రెండో ప్రశ్నకి సాధారణంగా దొరికే జవాబు, ఇంకో పద్ధతిలో ఇంకో మీటరుతో కొలవడం.

ఇంకో మాట. జీఎస్‌ఈ ఇంజినీరింగ్ మోడల్ (ఎగరడానికి కాక పరీక్షల కోసం చేసే పరికరం నమూనా) కంటే ముందే తయారుకావాలి. ప్రాజెక్టు బడ్జెట్‌లో మొదట కోత పడేది మన పద్దుకే కాబట్టి అలా జరగదు, తెలుసు. కనీసం పవర్ ర్యాకూ కేబుళ్ళూ మాత్రం ముందే పూర్తిచేసి, ఒక డమ్మీ లోడు మీద నెల రోజులు నడపండి. బాలారిష్టాలన్నీ డమ్మీ మీదే తీరిపోవాలి.

పవర్ సప్లై

ఉపగ్రహంలో అన్ని పెట్టెలకీ కరెంటు పంచే లైను మీది వోల్టేజీ, అంటే బస్ వోల్టేజీ, చాలాచోట్ల 28 వోల్టులు. బెంచ్ సప్లైని 28కి తిప్పి, కరెంట్ లిమిట్ పెట్టేసి, అయిపోయింది అనుకుంటారు. అవలేదు.

కరెంట్ లిమిట్ పనిచేసేలోపే సప్లై అవుట్‌పుట్ కెపాసిటర్‌లో దాచుకున్న చార్జీ బయటికి దూకుతుంది. సున్నితమైన చిప్పుకి ఆ కాస్త చాలు. అందుకే కరెంటు ఉండగా కనెక్టర్ కలపకూడదు, తీయకూడదు. స్విచ్ ఆఫ్ చేశామన్న నమ్మకంతో కాకుండా, మీటరు పెట్టి సున్నా చూశాకే చెయ్యి వేయాలి.

పొడుగు కేబుల్‌లో పడే వోల్టేజీని సరిదిద్దడానికి సప్లైకి సెన్స్ వైర్లు ఉంటాయి. అవి ఊడితే ఏమవుతుందో ఆలోచించండి. అవతల వోల్టేజీ రావడం లేదనుకుని సప్లై పైకి ఎక్కిస్తూ పోతుంది. కాబట్టి ఓవర్ వోల్టేజ్ రక్షణ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే చాలదు. వోల్టేజీ గీత దాటగానే సరఫరాని తెంపే సర్క్యూట్ విడిగా ఉండాలి. దాన్ని నెలకోసారి, డమ్మీ మీద, నిజంగా ట్రిప్ చేసి చూడాలి. కరెంటు పోయి తిరిగొచ్చినప్పుడు సప్లై అవుట్‌పుట్ ఆఫ్‌లోనే లేవాలి. కొన్ని మోడళ్ళు పాత సెట్టింగుతో వాటంతట అవే ఆన్ అవుతాయి. కొనే ముందు మాన్యువల్‌లో ఈ ఒక్క లైను వెతకండి. ముందు ప్యానెల్ మీద నాబ్‌లకి పారదర్శకమైన పలక బిగించండి. మోచెయ్యి తగిలి వోల్టేజీ మారిన కథలు ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటాయి.

స్విచ్ వేసిన మొదటి కొన్ని మిల్లీసెకన్లని వేగంగా రికార్డు చేసే ఏర్పాటు తప్పనిసరి. ఇది నా చాదస్తం కాదు. 1999 మార్చిలో నాసా వైర్ అనే చిన్న ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోపుని పంపింది. దాని డిటెక్టర్లు గడ్డకట్టిన హైడ్రోజన్‌తో చల్లబడేవి. మూత లాంటివాటిని చిన్న పేలుడుతో విప్పే పైరో ఎలక్ట్రానిక్స్ పెట్టె స్విచ్ వేయగానే, అది లేచే క్షణంలో పుట్టిన తప్పుడు సిగ్నల్ టెలిస్కోపు మూతని అనుకున్నదానికంటే ముందే ఊడగొట్టింది. లోపలికి వేడి చేరి హైడ్రోజన్ అంతా ఆవిరైపోయింది, అసలు సర్వే మొదలుకాకుండానే ముగిసిపోయింది. ఆ లోపం కింద పరీక్షల్లో ఎందుకు దొరకలేదో విచారణ బోర్డు రాసింది: ఈజీఎస్‌ఈ అసలుకి తగినంత దగ్గరగా లేదు, అలాంటి సిగ్నల్‌ని పట్టుకునే శక్తీ దానికి లేదు. డిజైన్ తప్పు పరికరానిదే. దాన్ని చూడాల్సిన కళ్ళు మాత్రం మనవి. పైరో లైన్ల మీద ఉత్తి బల్బు కాకుండా అసలు లోడు లాంటిది పెట్టండి, దాని పక్కన వేగమైన రికార్డర్ పెట్టండి.

కేబుల్, కనెక్టర్, నా పరువు

రెండో ఏట నేను చేయించిన 15 పిన్నుల డీ-సబ్ కేబుల్ గురించి చెప్పాలి. పై వరుసలో 1 నుంచి 8, కింది వరుసలో 9 నుంచి 15. డ్రాయింగులో కనెక్టర్‌ని కలిపే ముఖం వైపు నుంచి గీశారు. నేను వైర్లు అతికే వెనక వైపు నుంచి అనుకున్నాను. అద్దంలో చూసినట్టు అంతా తిరగబడింది. 1 వెళ్ళి 8 అయింది, 9 వెళ్ళి 15 అయింది. 1వ పిన్ను మీద 28 వోల్టులు, 8వ పిన్ను మీద టెంపరేచర్ సెన్సర్. అంటే సెన్సర్ లైను మీదికి బస్ వోల్టేజీ మొత్తం.

కేబుల్‌ని నేరుగా పరికరానికి పెట్టలేదు కాబట్టి బతికిపోయాను. ముందు బ్రేక్‌అవుట్ బాక్స్‌కి పెట్టాం. ప్రతి పిన్నుకీ ఒక సాకెట్ బయటికి ఇచ్చే పెట్టె అది. మా సీనియర్ టెక్నీషియన్ ఒకాయన మీటరు ప్రోబ్ 8లో పెట్టి, అంకె చూసి, ప్రోబ్ తీసి మళ్ళీ పెట్టారు. 28.1. నా వైపు తిరిగి, "ఏమ్మా, ఏ ముఖం చూసి కట్టించావు?" అన్నారు. గొంతు కూడా పెంచలేదు. ఆ కేబుల్‌ని రెండు చివర్లా కత్తిరించి, ఎర్ర టేపు చుట్టి, ఇప్పటికీ నా డెస్కు మీద పెట్టుకున్నాను.

దీన్నే సేఫ్-టు-మేట్ పరీక్ష అంటారు. పద్ధతి ఇలా ఉంటుంది. మన వైపు ప్రతి పిన్ను మీద వోల్టేజీ కొలవాలి, ఖాళీ పిన్నులతో సహా. పరికరం వైపు ప్రతి పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య రెసిస్టెన్సు కొలవాలి. దీనికి తక్కువ వోల్టేజీ మీటరే వాడాలి, ఇన్సులేషన్ టెస్టర్ అస్సలు కాదు. రావాల్సిన అంకెలు ముందే షీటులో అచ్చు వేసి ఉండాలి. ఒకరు కొలిచి పైకి చదవాలి, ఇంకొకరు రాసుకుంటూ సరిచూడాలి. ఒకే మనిషి రెండూ చేస్తే కళ్ళు షీటులో ఉన్న అంకెనే మీటరు మీద చదువుతాయి. నలభై కనెక్టర్లు ఉన్న పరికరానికి ఇది రెండు రోజుల పని. విసుగు పుడుతుంది. పుట్టనివ్వండి.

ఫ్లైట్ కనెక్టర్‌ని ఎన్నిసార్లు కలిపి తీయవచ్చో ఒక హద్దు ఉంటుంది. పిన్నుల మీది బంగారు పూత అరిగిపోతుంది. అందుకే మధ్యలో కనెక్టర్ సేవర్ అనే చిన్న జోడు పెట్టి, రోజూ జరిగే పీకుడూ పెట్టుడూ దాని మీదే కానివ్వండి. ఫ్లైట్ కనెక్టర్‌ని ముట్టుకున్న ప్రతిసారీ తేదీ, సంతకం లాగ్‌లో పడాలి. పక్కపక్కనే ఉండే కనెక్టర్లకి ఒకే సైజు, ఒకే గాడి ఇవ్వకండి. తప్పుగా పెట్టగలిగే కనెక్టర్‌ని రాత్రి రెండింటికి ఎవరో ఒకరు తప్పుగానే పెడతారు.

చారలు

డిటెక్టర్ బొమ్మలో ఏటవాలు చారలు వస్తే సగం సార్లు దోషం గ్రౌండ్ లూప్‌ది, అంటే గ్రౌండ్ రెండు దారుల్లో కలిసి వలయం అయిపోవడానిది. ఒక వరుస చదవడానికి డిటెక్టర్‌కి 1 మిల్లీసెకను పడుతుంది అనుకుందాం. మెయిన్స్ 50 హెర్ట్జ్ అయితే చార దాదాపు ప్రతి 20 వరుసలకీ ఒకసారి తిరిగొస్తుంది. ముందు ఈ లెక్క వేసుకోండి. సరిపోయిందంటే డిటెక్టర్ వాళ్ళని నిద్ర లేపనక్కర్లేదు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. చారలు పోతే యూఎస్‌బీ కేబుల్ ద్వారా గోడ ఎర్త్ మన పరికరం గ్రౌండ్‌తో కలిసిందని అర్థం. దీనికి మందు, పరికరానికి గ్రౌండ్ ఒకే చోట ఇచ్చి, పవర్ సప్లై అవుట్‌పుట్‌ని గోడ ఎర్త్‌కి కలపకుండా తేలియాడనిచ్చి, కంప్యూటర్‌కి వెళ్ళే లింకుని ఫైబర్‌తోనో ఐసొలేటర్‌తోనో విడదీయడం.

దొంగ నక్షత్రాలు

ఓజీఎస్‌ఈ టెలిస్కోపు వేషం వేస్తుంది. పిన్‌హోల్ వెనక దీపం, ముందు వెలుగుని సమాంతర కిరణాలుగా మార్చే కొలిమేటర్, అదే నక్షత్రం. కొలిమేటర్ ఫోకల్ పొడవు 2 మీటర్లు, రంధ్రం 10 మైక్రాన్లు అయితే ఆ నక్షత్రం వెడల్పు సుమారు 1 ఆర్క్ సెకను. మీ పిక్సెల్ దానికంటే చిన్న కోణం చూస్తుంటే అది చుక్కలా కాక పెసరగింజలా కనిపిస్తుంది, రంధ్రం చిన్నది కావాలి. పరికరాన్ని టెలిస్కోపు లేకుండా ఒంటరిగా పరీక్షిస్తుంటే, అసలు టెలిస్కోపు ఇచ్చే ఎఫ్-నిష్పత్తీ (ఫోకల్ పొడవుని అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చేది), ప్యూపిల్ (టెలిస్కోపు ద్వారం ప్రతిబింబం) ఉండే చోటూ కూడా సరిపోవాలి. జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరికరాల్ని నాసా గొడార్డ్ కేంద్రంలో పరీక్షించినప్పుడు ఓసిమ్ అనే సిమ్యులేటర్ చేసింది ఈ పనే.

మిడ్ ఇన్‌ఫ్రారెడ్ అయితే కష్టాలు వేరు. 300 కెల్విన్ దగ్గర ఉన్న ఏ వస్తువైనా, గది గోడా మీరూ నేనూ కూడా, 10 మైక్రాన్ల దగ్గర అన్నిటికంటే ఎక్కువగా వెలుగుతాం. కాబట్టి బయట పెట్టిన దీపం, కిటికీ పనికిరావు. దీపమూ అద్దాలూ అన్నీ చల్లని చాంబర్ లోపలే ఉండాలి.

ఇక హబుల్ గురించి చెప్పకుండా ఓజీఎస్‌ఈ పాఠం పూర్తికాదు. 2.4 మీటర్ల అద్దాన్ని అరగదీస్తూ కొలవడానికి నల్ కరెక్టర్ అనే పరికరం వాడారు. అందులో ఒక లెన్సు ఉండాల్సిన చోటుకి 1.3 మిల్లీమీటర్లు పక్కన కూర్చుంది. దూరం కొలిచే కడ్డీ కొసకి బదులు, దాని టోపీ మీద పెయింటు ఊడిన చోట లేజర్ తిరిగొచ్చింది. అద్దాన్ని అరగదీసినవాళ్ళు అద్భుతంగా అరగదీశారు, తప్పు ఆకారానికి. అంచు దగ్గర సుమారు 2 మైక్రాన్లు ఎక్కువ చదును. ఇంకో రెండు కొలతలు తేడా ఉందని చూపించాయి, కానీ అవి అంత కచ్చితమైనవి కావని పక్కన పెట్టారు. 1990 ఏప్రిల్‌లో ఎగిరింది, మసక బొమ్మలు పంపింది, 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు వెళ్ళి సరిచేశారు. ఎద్దు ఈనిందంటే గాట్లో కట్టేయమన్నట్టు ఒక పెట్టె మాట నమ్మితే అంత దూరం వెళ్తుంది. మీ కొలిమేటర్ ఫోకస్‌ని రెండు వేర్వేరు పద్ధతుల్లో కొలవండి. రెండూ కలవకపోతే, కలవని కారణం దొరికేదాకా పరికరాన్ని దాని ముందుకు తేకండి. "ఆ పాత మీటరు ఎప్పుడూ అంతే" అన్న మాట వినిపించినప్పుడల్లా నాకు ఈ కథే గుర్తొస్తుంది.

వాక్యూమ్ చాంబర్

చాంబర్‌లోకి వెళ్ళే ప్రతి వస్తువూ, మన కేబుళ్ళతో సహా, ఆవిర్లు విడుస్తుంది. ఆ ఆవిర్లు పోయి చల్లని అద్దం మీద, డిటెక్టర్ మీద కూర్చుంటాయి. వాడుకలో ఉన్న కొలత: 125 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 గంటలు వాక్యూమ్‌లో ఉంచితే మొత్తం బరువులో నష్టం 1 శాతం లోపు, 25 డిగ్రీల పలక మీద పేరుకునేది 0.1 శాతం లోపు ఉండాలి. అల్ట్రావయొలెట్ పరికరాలకి ఇది కూడా చాలదు. సన్నటి పొర చాలు, కన్ను పోయినట్టే. మామూలు పీవీసీ తీగ, బజారు టేపు, పెన్నుతో రాసిన లేబులు లోపలికి వెళ్ళకూడదు.

చల్లబరిచే వరస ముఖ్యం. ముందు చాంబర్ గోడలు చల్లబడాలి, నీటి ఆవిరి వాటికే అంటుకోవాలి. డిటెక్టర్ ఆఖరున. వేడి చేసేటప్పుడు తిరగేసి, డిటెక్టర్ ముందు. ఈ వరస కంట్రోలర్ స్క్రిప్టులో తాళం వేసినట్టు ఉండాలి. ఆపరేటర్ జ్ఞాపకశక్తి మీద వదిలేయకండి.

సెన్సర్లకి నాలుగు వైర్లు వాడండి. పీటీ100 అనే ప్లాటినం టెంపరేచర్ సెన్సర్ రెసిస్టెన్సు డిగ్రీకి 0.385 ఓమ్‌లే మారుతుంది. రెండు వైర్లతో లాగితే, తీగలోనే 2 ఓమ్‌లు ఉంటే 5 డిగ్రీలు తప్పు చెప్తుంది.

మా చాంబర్‌లో ఒకసారి డార్క్ ఫ్రేమ్ తీస్తుంటే, అంటే వెలుగు లేకుండా తీసే బొమ్మ, ఒక మూల కాస్త తెల్లగా వచ్చింది. మూత వేసి ఉంది, దీపాలన్నీ ఆఫ్. డిటెక్టర్ మూల పాడైందన్న మాట సాయంత్రానికల్లా మేనేజర్ చెవిన పడింది. అందరికీ టెన్షన్. రెండు రోజులు టెంపరేచర్ మార్చి చూశాం, వోల్టేజీ మార్చి చూశాం. మూడో రోజు లాగ్ తిరగేస్తుంటే, ఒకే ఒక్క ఫ్రేమ్‌లో ఆ మూల నల్లగా ఉంది. ఆ పది నిమిషాలూ ప్రెషర్ రీడింగు ఖాళీ. గేజ్ ఎవరో ఆపారు. అది హాట్ కాథోడ్ అయనైజేషన్ గేజ్. లోపల ఫిలమెంట్ ఎర్రగా కాలుతూ ఉంటుంది, ఆ వెలుగు గోడ మీద పడి, మూత సందులోంచి లోపలికి వస్తోంది. గేజ్ ఆపి పది నిమిషాల ఫ్రేమ్ తీశాం. మూల నల్లగా వచ్చింది. స్విచ్ వేశాం, తెల్లగా వచ్చింది. ఇంకోసారి ఆపి, ఇంకోసారి వేసి, అప్పుడు టీ తాగడానికి వెళ్ళాం.

గేజ్ ఎప్పటికీ ఆపేయడం కుదరదు. హై వోల్టేజీ ఉన్న డిటెక్టర్లకి ప్రెషర్ పెరిగితే లోపల మెరుపు కొడుతుంది, కాబట్టి ప్రెషర్ చూసి హై వోల్టేజీని తెంపే ఇంటర్‌లాక్ ఎప్పుడూ బతికి ఉండాలి. మేం చేసిందేమిటంటే, గేజ్‌ని మోచేతి వంపు ఉన్న గొట్టం చివరికి జరిపి, మధ్యలో నల్ల పూత పూసిన అడ్డు పలక పెట్టాం. మీ చాంబర్‌లో వెలిగేవన్నీ, మోటారు ఎన్‌కోడర్ లోపలి ఎల్‌ఈడీలతో సహా, ఒక జాబితా రాసి, ఒక్కొక్కటి ఆపి డార్క్ తీయండి.

లిక్విడ్ నైట్రోజన్ దగ్గర పనిచేసే గదిలో ఆక్సిజన్ అలారం ఉండాలి. మామూలు గాలిలో 20.9 శాతం, 19.5కి తగ్గితే అలారం మోగాలి, మోగితే బయటికి. ఇందులో చర్చ లేదు.

ఎత్తడం, దించడం

ఇది నా విద్య కాదు, కాబట్టి తక్కువ రాస్తాను. ఎత్తే ప్రతి స్లింగూ అసలు బరువు కంటే ఎక్కువ బరువుతో పరీక్షించి ఉండాలి. అసలుదాన్ని ఎత్తే ముందు అదే బరువు, అదే గురుత్వ కేంద్రం ఉన్న డమ్మీతో అదే దారిలో అదే మనుషులు ఒకసారి చేసి చూడాలి. 2003 సెప్టెంబర్‌లో నోవా ఎన్-ప్రైమ్ అనే వాతావరణ ఉపగ్రహాన్ని పక్కకి వంచబోతే కింద పడిపోయింది. దాన్ని పట్టి ఉంచాల్సిన అడాప్టర్ పలకకి 24 బోల్టులు లేవు. ఉన్నాయో లేవో ఎవరూ కళ్ళతో చూసుకోకుండానే పని మొదలైంది. బోల్టులు లెక్కపెట్టే పని ఒక మనిషికి, పేరు పెట్టి అప్పగించండి. "అందరూ చూసుకోండి" అంటే ఎవరూ చూడరు.

లాగ్

ముడి డేటా దాచండి, సరిచేసిన డేటా ఒక్కటే కాదు. గేజ్ కథలో మమ్మల్ని గట్టెక్కించింది అదే. ర్యాకులో ఉన్న కంప్యూటర్లన్నీ ఒకే గడియారం చూడాలి, యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం). మాకు ఒకసారి రెండు కంప్యూటర్ల మధ్య 40 సెకన్ల తేడా ఉండి, కమాండ్ ఇవ్వకముందే పరికరం జవాబు ఇచ్చినట్టు కనిపించింది. టెస్టు మొదలయ్యాక సాఫ్ట్‌వేర్ మార్చకండి. మార్చక తప్పకపోతే వెర్షన్ నంబర్ ప్రతి ఫైలు తలమీదా పడాలి. ఎవరు, ఎప్పుడు, ఏ కేబుల్ కదిపారో చేత్తో రాసే పుస్తకం కూడా ఉండనివ్వండి. "రెండు ర్యాకుల మధ్య ఏదో కాలిన వాసన" లాంటివి ఏ డేటాబేస్‌లోనూ గడి లేని సంగతులు. మీటర్ల కాలిబ్రేషన్ గడువు టెస్టు మధ్యలో ముగియకుండా ముందే చూసుకోండి.

ప్రయోగ కేంద్రానికి వెళ్ళేటప్పుడు ర్యాకులు కూడా పరికరంతో పాటే వెళ్తాయి. రెండో సప్లై, రెండో సెట్టు కేబుళ్ళు, అదే బ్రేక్‌అవుట్ బాక్స్. అక్కడ దించగానే పరికరం జోలికి వెళ్ళకుండా ముందు మన ర్యాకుని డమ్మీ మీద నడపాలి, లారీ కుదుపుకి ఏ బోర్డు కదిలిందో ఎవరికి తెలుసు. చివరి రోజు ఎర్ర ట్యాగులున్న మూతలూ, టెస్టు ప్లగ్గులూ, సేవర్లూ ఒక్కొక్కటి తీసి బల్ల మీద పరిచిన తెల్ల గుడ్డ మీద, జాబితాలో ఉన్న వరసలోనే పెడతాం. మొన్నటిసారి జాబితాలో 31 ఉన్నాయి, గుడ్డ మీద 30. అరగంట ఎవరూ మాట్లాడలేదు. ముప్పై ఒకటోది ఇంకా ఫ్లైట్ కనెక్టర్‌కే ఉంది, పరికరానికి చుట్టే వేడి ఆపే దుప్పటి, మల్టీలేయర్ ఇన్సులేషన్, మడత కింద. తీశాం, గుడ్డ మీద పెట్టాం, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాం.